ఆ కాగితం మీద మా సంతకం కూడా ఉంది

మేము ఇక్కడ మామూలుగా రాసేవి ఏమిటో చదివేవాళ్లకు తెలుసు. జేజినాయన చిత్తూరు వైపు నుంచి మడివాళకు వచ్చి స్థిరపడిన సంగతి, సోమేశ్వరుడి గుడి గోడల మీది 13వ శతాబ్దపు తమిళ శాసనాలు, చెరువు కింద మడి చెక్కలు, పాత ఇంటి దూలాలు, జేజి నూరే ఊరుబిండి. ఈసారి అవేమీ లేవు. ఈసారి పోట్లాటకే వచ్చాం. ముందు మాతో మాకే పోట్లాట, ఆ తర్వాత ఊరితో.

మా వీధి చివర మూడో అంతస్తు మీద ఒక చిన్న చోటు ఉండేది. పేరు రాయం. రేకుల కప్పు, పాతిక కుర్చీలు, మూలన ఒక డ్రమ్ సెట్టు. శుక్రవారం, శనివారం రాత్రుళ్లు కుర్రాళ్ల బ్యాండ్లు వాయించేవి. నిండితే డెబ్భై మంది. చుట్టుపక్కల పీజీల్లో ఉండే మన అనంతపురం, కడప, నెల్లూరు పిల్లలు, సెయింట్ జాన్స్‌లో చదివే మలయాళీ పిల్లలు, బీటీఎం లేఅవుట్ నుంచి వచ్చే కన్నడ పిల్లలు. మా తమ్ముడి కొడుకు కూడా అక్కడ బేస్ గిటారు వాయించేవాడు. ఆ సంగతి ఇంట్లో సగం మందికి తెలుసు, సగం మందికి తెలియనట్టు ఉండేవాళ్లు.

రెండేళ్ల కింద వీధిలో ఒక ఫిర్యాదు కాగితం తిరిగింది. శబ్దం ఎక్కువగా ఉంది, మూయించండి అని. జేజికి అప్పుడు ఒంట్లో బాగాలేదు, రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. అది నిజం. మేము సంతకం పెట్టాం. పోలీసులు వచ్చారు, లైసెన్సు అడిగారు, లేదు. నాలుగు నెలలకు చోటు మూతపడింది. ఇప్పుడు అక్కడ ఒక గోడౌను. దాని డీజిల్ జనరేటరు కరెంటు పోయినప్పుడల్లా రాత్రంతా మోగుతుంది. దాని మీద ఎవరూ కాగితం తిప్పలేదు.

మమ్మల్ని కలవరపెట్టేది సంతకం ఒక్కటే కాదు. సంతకానికి ముందు మేము ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కి, "బాబూ, మా ఇంట్లో పెద్దావిడ ఉంది, తొమ్మిదిన్నరకు ఆపండి, ఈ వైపు గోడకు ఏదన్నా అడ్డం పెట్టండి" అని అడగలేదు. శాసనాల మీద అక్షరాలు చెరిగిపోతున్నాయని పురావస్తు శాఖకు ఉత్తరాలు రాసిన ఇల్లు మాది. పక్క మేడ ఎక్కి ఒక్క మాట అడగలేకపోయాం.

తమ్ముడి కొడుకు మా మీద అరవలేదు. "పెదనాన్నా, మీరు వారసత్వం గురించి రాస్తారు గదా, అది కూడా ఒకటి పోయిందని రాసుకోండి" అన్నాడు. అందుకే ఇది.

ఇది వారసత్వమా?

"గిటార్లు, డ్రమ్ములు మన వారసత్వం ఎట్లా అవుతాయి?" అని మా బంధువుల్లోనే అడిగేవాళ్లున్నారు. అడగనీండి, జవాబు చెప్తాం.

బెంగళూరు దేశంలో రాక్ సంగీతానికి పెద్ద ఊరు. ఇది గొప్పలకు చెప్పేది కాదు. 2002లో రోజర్ వాటర్స్ ఈ ఊరికి వచ్చాడు. 2003 ఏప్రిల్ 4న రోలింగ్ స్టోన్స్ ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, అదే ఏడాది జూన్ 2న ఏరోస్మిత్. 2011 అక్టోబర్ 30న మెటాలికా. దేశం నలుమూలల నుంచి రైళ్లెక్కి పిల్లలు వచ్చారు. మడివాళలో దిగే ప్రైవేటు బస్సుల్లో ఆ వారం నల్ల టీషర్టులే కనిపించాయని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

బయటి వాళ్లు వచ్చి వాయించినంత మాత్రాన ఊరికి సంగీతం రాదు. ఊళ్లో పుట్టిన బ్యాండ్లున్నాయి. 1980లలో మిలెనియం, 1996లో థర్మల్ అండ్ ఎ క్వార్టర్, 1998లో క్రిప్టోస్. క్రిప్టోస్ వాళ్లు ఇక్కడి నుంచి వెళ్లి యూరప్‌లో వాయించి వచ్చారు. కన్నడ జానపదాన్ని గిటారుతో కలిపిన స్వరాత్మ, రఘు దీక్షిత్ ఉన్నారు. వీళ్లెవరూ మొదటిసారే ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించలేదు. ఎవరో ఒకరు ఒక చిన్న గది ఇచ్చారు, ఒక శనివారం ఇచ్చారు, తప్పులు వాయిస్తే ఓర్చుకున్నారు. ఆ చిన్న గదులే నారుమడి. నారు పోయకుండా పంట అడిగితే మా జేజినాయన నవ్వేవాడు.

ఆ గదుల సంగతి చూడండి. బ్రిగేడ్ రోడ్డు పక్క సందులో పెకోస్ 1989 నుంచి ఉంది. గోడల మీద పాత పోస్టర్లు, స్పీకర్లలో పాత రాక్. అది ఒక తరానికి బడి. ఇందిరానగర్‌లో ది హమ్మింగ్ ట్రీ 2013లో తెరిచారు, 2019లో మూసేశారు. ఆరేళ్లు! వైట్‌ఫీల్డ్‌లో కౌంటర్ కల్చర్ ఉండేది, ఇప్పుడు లేదు. పేర్లు చెప్పుకుంటూ పోతే సంతాప సభలా ఉంటుంది.

జె.పి. నగర్‌లో ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ అని మంచి మ్యూజియం 2019లో పెట్టారు. పిల్లల్ని తీసుకెళ్లాం, బాగుంది. ఒక వైపు సంగీతానికి మ్యూజియం తెరిచిన ఏడాదే ఇంకో వైపు సంగీతం వాయించే చోటు మూతపడింది. మ్యూజియంలో పెట్టేది నిన్నటిది. రేపు అందులో పెట్టడానికి ఏముంటుంది?

మన చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే నూరేళ్లు ఉండాలి. గుడికి, కోటకు అది సరిపోతుంది. మేడ మీది రేకుల షెడ్డు నూరేళ్లు ఎక్కడ నిలుస్తుంది? నూరేళ్లు నిండేదాకా కాపాడం, కాపాడకపోతే నూరేళ్లు నిండవు. ఈ లెక్కలో పడి ఊరి సగం జ్ఞాపకాలు గోడౌన్లయ్యాయి.

ఒకే తాడుతో అందర్నీ కట్టారు

బెంగళూరులో "లైవ్ బ్యాండ్" అనే మాటకు ఒక చెడ్డ వాసన ఉంది. బార్లలో ఆడవాళ్లను నిలబెట్టి డబ్బు చేసుకునే వ్యాపారానికి ఆ పేరు పెట్టుకున్నారు. దాన్ని అదుపు చెయ్యడానికి 2005లో నగరానికి ఒక లైసెన్సింగ్ ఉత్తర్వు తెచ్చారు. లైవ్ బ్యాండు, క్యాబరే, డిస్కో అన్నీ అందులో ఒకే గాటన పడ్డాయి. గిటారు పట్టుకుని సొంత పాట పాడే పిల్లాడూ అక్కడే. 2018 జనవరిలో సుప్రీం కోర్టు ఆ ఉత్తర్వు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఆ ఏడాదే ఇందిరానగర్, కోరమంగళ పబ్బుల్లో చాలా చోట్ల పాట ఆగిపోయింది.

లైసెన్సు తీసుకోవచ్చు గదా అంటారు. లైసెన్సుకు కట్టడానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కావాలన్నారు. ఈ ఊళ్లో ఎన్ని కట్టడాలకు అది ఉందో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. మా ఇంటికే లేదు. అదే కట్టడంలో బట్టల కొట్టు పెట్టుకోవచ్చు, కోచింగ్ సెంటరు పెట్టుకోవచ్చు, పీజీ పెట్టి గదికి నలుగుర్ని కుక్కవచ్చు. గిటారు మోగితేనే కాగితాలు గుర్తొస్తాయి.

2025 ఫిబ్రవరి 9న చర్చ్ స్ట్రీట్‌లో ఎడ్ షీరన్ రోడ్డు పక్కన నిలబడి పాడుతుంటే ఒక పోలీసాయన వచ్చి వైరు పీకేశాడు. అనుమతి ఇవ్వలేదని పోలీసులు, తీసుకున్నామని ఆయన. ఎవరి మాట నిజమో మాకు అక్కర్లేదు. ఆ వీడియో చూసి దేశమంతా నవ్వింది. మా తమ్ముడి కొడుకు మాత్రం నవ్వలేదు. "ఆయన గనక ప్రపంచానికి తెలిసింది పెదనాన్నా. మా వైరు ఎన్నిసార్లు పీకారో" అన్నాడు.

శబ్దం గురించి నిజాయితీగా

నిద్ర చిన్న విషయమని మేము అనం. జేజి పడిన బాధ మేము చూశాం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి: ఇళ్ల ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. వ్యాపార ప్రాంతంలో 65, 55. ఈ నియమాలు అందరికీ ఒకేలాగ వర్తిస్తే మేము మొదట చప్పట్లు కొడతాం.

కానీ మడివాళలో రాత్రి తొమ్మిదికి రోడ్డు మీద నిలబడి చూడండి. "హైదరాబాద్, హైదరాబాద్, తిరుపతి, విజయవాడ" అని బస్సుల వాళ్ల అరుపులు. సిల్క్ బోర్డు వైపు హారన్ల వాన. చవితి వస్తే వీధివీధికీ పందిరి, పందిరికొక ఆర్కెస్ట్రా. రాజ్యోత్సవ వస్తే ఇంకో ఆర్కెస్ట్రా. నియమాల్లోనే పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు ఏడాదికి 15 రోజుల దాకా అర్ధరాత్రి వరకు వెసులుబాటు ఇచ్చే వీలుంది. మాకు అభ్యంతరం లేదు. ఆ ఆర్కెస్ట్రాలో ఘంటసాల పాట విని మేమూ ఆగి నిలబడ్డవాళ్లమే. ఒక్క సంగతి గమనించండి: అక్కడ వాయించేదీ అదే ఎలక్ట్రిక్ గిటారు, అదే డ్రమ్ము, అదే స్పీకరు. చాలాసార్లు వాయించేది అదే కుర్రాడు! పందిట్లో వాయిస్తే సంస్కృతి, మేడ మీద వాయిస్తే నేరం.

ఇంకో నిజం కూడా ఒప్పుకుందాం. మా కాగితంలో శబ్దం అని రాశాం గానీ, సంతకాలప్పుడు జరిగిన మాటల్లో శబ్దం తక్కువ. "ఆడపిల్లలు పదింటికి మెట్లు దిగుతున్నారు", "సిగరెట్లు", "బైకులు మా గేటు ముందు పెడుతున్నారు". పార్కింగు తగాదా, పిల్లల మీద అనుమానం, రెండింటినీ తెచ్చి పాట మీద వేశాం. ఎవరి దగ్గరా శబ్దం కొలిచే మీటరు లేదు. ఎన్ని డెసిబెల్స్ అని ఎవరూ అడగలేదు.

తెలుగువాళ్లకు ఇందులో ఏం పని?

మా చుట్టాలాయన ఒకాయన ఈ మాట అడిగాడు. మనకు త్యాగరాజు ఉన్నాడు, అన్నమయ్య ఉన్నాడు, ఈ గోల మనకెందుకు అని.

సరే, త్యాగరాజు నుంచే మొదలుపెడదాం. తిరువయ్యారులో ఆయన సమాధి పట్టించుకునేవాళ్లు లేక పాడుబడి ఉంటే, తన డబ్బు పెట్టి 1925 నాటికి గుడి కట్టి నిలబెట్టింది ఎవరు? బెంగళూరు నాగరత్నమ్మ. దేవదాసి కుటుంబంలో పుట్టిన మనిషి. ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదంటే కొట్లాడి పాడింది. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే, అశ్లీలమని 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తీసింది 1947లో. ఆడది స్టేజీ ఎక్కితే అనుమానం, పాటను చూస్తే పోలీసు గుర్తుకు రావడం మనకు కొత్త జబ్బు కాదు. ఈ ఊరి పేరునే ఇంటిపేరులా పెట్టుకున్న ఆ మనిషి లేకపోతే మనం దండం పెట్టుకునే ఆ సమాధి ఏమయ్యేదో.

ఇంకొంచెం దగ్గరికి రండి. నెల్లూరు నుంచి వచ్చిన పఠాభి, అంటే పట్టాభిరామిరెడ్డి, 1939లో 'ఫిడేలు రాగాల డజన్' అని పుస్తకం వేశాడు. పేరులోనే ఫిడేలు. అప్పటి పెద్దలు ఇది కవిత్వమా, గోలా అన్నారు. ఆయన బెంగళూరులో స్థిరపడి 1970లో కన్నడంలో 'సంస్కార' సినిమా తీశాడు. దాన్నీ సెన్సారు వాళ్లు మొదట ఆపారు. అందులో నటించిన ఆయన భార్య స్నేహలతారెడ్డిని ఎమర్జెన్సీలో అరెస్టు చేసి బెంగళూరు సెంట్రల్ జైల్లో పెట్టారు. ఉబ్బసంతో నెలల తరబడి నలిగి, 1977 జనవరిలో పెరోల్ మీద బయటికి వచ్చిన కొద్ది రోజులకే పోయింది. వాళ్ల కొడుకు కోణార్క్ రెడ్డి గిటారు పట్టాడు. ఈ ఊళ్లో గిటారు నేర్చుకునే పిల్లలకు ఆ పేరు తెలుసు. ఫిడేలు నుంచి గిటారుకు ఒక్క తరం. స్థిరపడిన తెలుగు కుటుంబాల చరిత్ర రాస్తామని కూర్చున్న మేము ఇన్నేళ్లలో ఈ కుటుంబం గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇది మా తప్పు.

స్నేహలతను ఉంచిన ఆ జైలే ఇప్పుడు ఫ్రీడమ్ పార్కు. జైలును పార్కు చేసుకోగలిగిన ఊరు, నాలుగు పార్కుల్లో పాటకు చోటు ఇవ్వలేదా?

వేరే ఊళ్లు ఏం చేశాయి

లివర్‌పూల్‌లో కావర్న్ క్లబ్ 1957లో తెరిచారు. బీటిల్స్ అక్కడ దాదాపు 300 సార్లు వాయించారు. 1973లో భూగర్భ రైలు పనుల పేరుతో దాన్ని మూసి పూడ్చేశారు. పదేళ్లు తిరిగేసరికి నాలుక కరుచుకుని, పాత ఇటుకల్లో కొన్ని ఏరి 1984లో మళ్లీ కట్టారు. ఇవాళ ఆ ఊరికి వెళ్లేవాళ్లు ముందు వెతికేది ఆ నేలమాళిగనే. లండన్‌లో అబ్బే రోడ్ మీద జనం రోడ్డు దాటే తెల్లచారలకు 2010లో వారసత్వ రక్షణ ఇచ్చారు. రోడ్డు మీది చారలకు! న్యూయార్క్‌లో సీబీజీబీ 2006లో మూతపడితే అందులో బట్టల షాపు పెట్టారు. తప్పు చెయ్యని ఊరు లేదు. తెలుసుకోవడంలోనే తేడా.

మెల్‌బోర్న్ కథ మనకు బాగా పనికొస్తుంది. 2010లో అక్కడ ఒక పేరున్న పబ్బు మూతపడబోతే వేల మంది వీధిలోకి వచ్చారు. చివరికి 2014లో విక్టోరియా రాష్ట్రం ఒక నియమం తెచ్చింది. మార్పు తెచ్చినవాడే బాధ్యుడు. ముందునుంచి పాట ఉన్న చోటు పక్కన ఎవరన్నా అపార్టుమెంటు కడితే, శబ్దం లోపలికి రాకుండా చేసుకోవలసింది కట్టేవాళ్లు. ఇళ్ల మధ్య కొత్తగా పాట పెడితే ఆ ఖర్చు పాట పెట్టినవాళ్లది. 2018లో ఇంగ్లండు కూడా ఇదే మాట ప్రణాళిక నియమాల్లో రాసుకుంది. ఇందులో ఎవరికీ అన్యాయం లేదు. మా జేజికీ లేదు, మా తమ్ముడి కొడుక్కీ లేదు.

మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో శ్రీరామ సేవా మండలి వాళ్లు 1939 నుంచి రామనవమి కచేరీలు జరుపుతున్నారు. పందిరి వేసి, నెల రోజులు, మైకులు పెట్టి. ఊరు దాన్ని నెత్తిన పెట్టుకుంది, పెట్టుకోవాలి. మల్లేశ్వరంలో ఫిడేలు ఆకారంలో చౌడయ్య హాలు కట్టుకున్నాం. ఒక వాద్యానికి అంత గౌరవం ఇవ్వగలిగిన ఊరికి ఇంకో వాద్యం బరువైందా?

మేము అడిగేది

ఒకటి, సొంతంగా పాడి వాయించే సంగీతాన్ని 2005 ఉత్తర్వులోని మిగతా వ్యాపారాల నుంచి విడదీయండి. వంద మందికి లోపు పట్టే చోట్లకు అగ్నిమాపక భద్రత, శబ్దం, ముగించే వేళ, ఈ మూడే చూసి లైసెన్సు ఇవ్వండి.

రెండు, ఫిర్యాదు వస్తే ముందు మీటరుతో కొలవండి. ఫిర్యాదు చేసినవాళ్ల పడకగదిలో నిలబడి కొలవండి. హద్దు దాటితే జరిమానా వెయ్యండి, దాటకపోతే వదిలేయండి.

మూడు, కబ్బన్ పార్కు బ్యాండ్ స్టాండ్‌కు రంగు వేసి ఫొటోలకు వదిలేయకుండా, నెలకు రెండు ఆదివారం సాయంత్రాలు ఊరి కుర్రాళ్ల బ్యాండ్లకు ఇవ్వండి. వాయించడానికే కట్టిన కట్టడం అది.

నాలుగు, ఇది మన లేఅవుట్ అసోసియేషన్లకు: సంతకాల కాగితం తిప్పే ముందు ఒకరు మెట్లెక్కండి. ఇంత చిన్న పనికి చట్టం అక్కర్లేదు.

మా వంతు మేము మొదలుపెట్టాం. సంతకం వెనక్కి తీసుకుందామంటే ఆ చోటే లేదు. కింది అంతస్తులో పాత సామాన్లు వేసుకున్న గది ఒకటి ఖాళీ చేశాం. గోడలకు పాత పరుపులు, కొబ్బరిపీచు అట్టలు కొట్టాం. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లలు వాయించుకుంటున్నారు. మొదటి రోజు మేము పక్కింటి తలుపు కొట్టి చెప్పాం, ఇబ్బందైతే పోలీసులకు కాకుండా మాకు చెప్పండని. ఇప్పటిదాకా రెండుసార్లు చెప్పారు, రెండుసార్లూ తగ్గించాం. జేజి ఇప్పుడు లేదు. ఉంటే ఏమనేదో ఊహించి రాయడం మాకు ఇష్టం లేదు.

ఇక మీకు ఒక మనవి. మీ ఇళ్లలో, అటకల మీద, పాత సూట్‌కేసుల్లో ఈ ఊరి కచేరీల టికెట్లు, పోస్టర్లు, క్యాసెట్లు, కాలేజీ బ్యాండ్ల ఫొటోలు ఉంటాయి. మడివాళ, కోరమంగళ, ఇందిరానగర్, కంటోన్మెంటు, ఎక్కడివైనా సరే. ఏ చోటు, ఏ ఏడాది, ఎవరు వాయించారు, ఇప్పుడు అక్కడ ఏముంది, ఈ నాలుగు రాసి పంపండి. శాసనాలకు చేసినట్టే వీటికీ ఒక పట్టిక చేస్తాం. మా వీధి చివరి మేడ దాంట్లో మొదటి పేరు. మూయించినవాళ్ల పేర్ల దగ్గర మా ఇంటిపేరు కూడా రాస్తాం.